వెల్వెట్ సోఫాను ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా? రుద్దిన చోట పాలిపోతే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: రెండేళ్ల క్రితం కొన్న లేత బూడిద రంగు వెల్వెట్ సోఫా మీద సాంబారు ఒలికింది. కంగారులో తడిగుడ్డకు బట్టల సబ్బుపొడి అద్ది గట్టిగా రుద్దారు. ఇప్పుడు ఆ చోట అరచేయంత మేర గుడ్డ బిరుసెక్కింది, ఒకవైపు నుంచి చూస్తే తెల్లగా, ఇంకోవైపు నుంచి చూస్తే నల్లగా కనిపిస్తోంది, అంచున ఎర్రటి జాడ ఒకటి మిగిలింది. దీన్ని ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా, ఇకమీదట సోఫాను ఎలా చూసుకోవాలి అని అడిగారు.

చేసుకోవచ్చు. మీరు చెప్పిన గుర్తులను బట్టి గుడ్డ రంగు పోలేదనే నా నమ్మకం. చూసే వైపును బట్టి తెలుపూ నలుపూ మారుతోందంటే అక్కడ నూగు, అంటే గుడ్డ మీద నిలబడి ఉండే పొట్టి పోగులు, పడుకుందని అర్థం. రంగే పోయి ఉంటే ఎటు నుంచి చూసినా ఒకేలా పాలిపోయి ఉండేది. బిరుసు లోపల మిగిలిపోయిన సబ్బు వల్ల వచ్చింది, ఎరుపు సాంబారులోని పసుపు వల్ల వచ్చింది. ఈ మూడూ వేర్వేరు సమస్యలు కాబట్టి ఒకదాని తరువాత ఒకటిగా సరిచేయాలి. అంతకంటే ముందు మీ సోఫా గుడ్డ ఏ పోగుతో నేసినదో తెలుసుకోవాలి, ఎందుకంటే ఒక వెల్వెట్‌కు మందైనది ఇంకో వెల్వెట్‌కు విషం.

నేను 22 ఏళ్లుగా విశాఖపట్నంలో సోఫాల పని చేస్తున్నాను. కొత్తవి తయారు చేయడం, పాతవాటికి గుడ్డ మార్చడం, పాడైనవాటిని బాగు చేయడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చే వెల్వెట్ సోఫాలలో ఒలికిన పదార్థం వల్ల పాడైనవి తక్కువ. ఒలికిన తరువాతి పది నిమిషాలలో రుద్దడం వల్ల పాడైనవే ఎక్కువ.

వెల్వెట్ అన్నది పోగు పేరు కాదు, నేత పేరు. రెండు పొరల గుడ్డను ఎదురెదురుగా ఉంచి, వాటిని కలిపే నిలువు పోగులతో సహా నేసి, నడిమికి కత్తితో కోసుకుంటూ పోతే ఒకేసారి రెండు వెల్వెట్ గుడ్డలు వస్తాయి. అలా తెగిన పోగుల కొనలే మన చేతికి తగిలే నూగు. తొలకరి జల్లులకు నేల మీద పాకే ఆరుద్ర పురుగు వీపును దగ్గరగా చూసినవారికి నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. పోగులు నిలబడి ఉన్నంతసేపు వాటి కొనలు వెలుతురును లోపలికి తీసుకుంటాయి, అందుకే వెల్వెట్ రంగు అంత లోతుగా ఉంటుంది. పోగు పడుకుంటే దాని పక్కభాగం వెలుతురును తిప్పికొడుతుంది, ఆ చోటు పాలిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి వెల్వెట్‌ను శుభ్రం చేయడమంటే మురికి తీయడం సగం పని, నూగును తిరిగి నిలబెట్టడం మిగిలిన సగం. ఈ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు.

పోగు ఏదో తెలుసుకోవడం. ముందుగా కుషన్ అడుగున, జిప్పు పక్కన, సోఫా కింది గుడ్డ మీద చీటీ ఉందేమో చూడండి. దాని మీద డబ్ల్యూ అని ఉంటే నీటితో చేసే శుభ్రం పనికొస్తుంది. ఎస్ అని ఉంటే నీరు కూడదు, డ్రై క్లీనింగ్ ద్రావకమే వాడాలి. డబ్ల్యూఎస్ అంటే రెండూ పనికొస్తాయి. ఎక్స్ అంటే వాక్యూమ్, మెత్తని బ్రష్ తప్ప ఇంకేమీ తగలకూడదు. మన దగ్గర వడ్రంగితో చేయించుకున్న సోఫాలకు ఈ చీటీ దాదాపు ఉండదు. అప్పుడు కుషన్ లోపలి కుట్టు దగ్గర మిగిలిన గుడ్డ అంచు నుంచి రెండు మూడు పోగులు లాగి, పట్టుకారుతో పట్టుకుని, నీళ్లు పోసిన పళ్లెం మీద, సోఫాకు దూరంగా అగ్గిపుల్లతో కాల్చి చూడండి. ముడుచుకుపోయి కరిగి చివర గట్టి పూసలా మిగిలితే పాలియెస్టర్ గానీ అలాంటి కరిగే పోగు గానీ. కాగితంలా కాలి మెత్తని బూడిద మిగిలితే నూలు గానీ విస్కోస్ (చెక్క గుజ్జుతో తయారు చేసే పోగు) గానీ. జుట్టు కాలిన వాసన వస్తే పట్టు. నూలుకూ విస్కోస్‌కూ తేడా తెలియాలంటే ఇంకో పోగును మధ్యలో తడిపి రెండు చివరలా లాగండి. తడిసిన చోటే తేలిగ్గా తెగితే అది విస్కోస్. ఆ పోగు తడిసినప్పుడు తన బలంలో సుమారు సగం కోల్పోతుంది, నూలు అలా కాదు. పైనూగు ఒక రకం, వెనక నేత ఇంకో రకం అయిన గుడ్డలూ ఉంటాయి కాబట్టి నూగు పోగును కూడా విడిగా చూడండి.

ఈ మధ్య మన ఊళ్లలో సోఫాలకు వేసే వెల్వెట్ చాలావరకు పాలియెస్టరే. మీది కూడా అదే అయ్యుంటుంది. అలా అయితే కింద చెప్పే పద్ధతి అంతా మీకు పనికొస్తుంది. విస్కోస్, పట్టు అయితే పొడిగా చేసే పనుల దగ్గరే ఆగి, మిగిలినది తెలిసినవారికి అప్పగించండి. తడి విస్కోస్ నూగు ఒకసారి చితికితే నేను కూడా దాన్ని పూర్తిగా నిలబెట్టలేను.

నీరు పనికొచ్చే పోగు ఏదైనా సరే, ముందు సోఫా వెనక కనబడని చోట ఒక చుక్క నీరు వేసి, తెల్లని నూలు గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. తెల్లగుడ్డకు రంగు అంటినా, ఆరిన చోట వలయం మిగిలినా నీటితో ముందుకు వెళ్లవద్దు. వాడబోయే ప్రతి పదార్థానికీ ఈ పరీక్ష విడిగా చేయాలి.

ఇక మీ మరక సంగతి. మొదట పొడి పని: వాక్యూమ్‌కు మెత్తని కుచ్చు బ్రష్ ఉన్న మూతి తగిలించి, పీల్చే వేగం తగ్గించి ఆ భాగమంతా శుభ్రం చేయండి. ఎండిన సబ్బు, సాంబారు తునకలు సగం ఇక్కడే వచ్చేస్తాయి. తరువాత ఒక గ్లాసు నీటిలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలపండి. బోరు నీళ్లు వద్దు. వాటిలోని లవణాలు ఆరాక తెల్లటి చారలుగా తేలతాయి. తాగడానికి వాడే ఫిల్టర్ నీళ్లు తీసుకోండి. తెల్లని నూలు గుడ్డను అందులో ముంచి, ఇక పిండినా చుక్క రాలనంతగా పిండి, బిరుసెక్కిన చోట పై నుంచి అద్దండి, రుద్దవద్దు. వెంటనే ఇంకో పొడిగుడ్డతో అద్ది ఆ తడిని పీల్చేయండి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే సబ్బు గుడ్డలోకి వస్తుంది, చేతికి జారుడుగా తగులుతుంది కూడా. జారుడు పోయేవరకు గుడ్డ మార్చుకుంటూ చేయండి.

వెనిగర్ ఎందుకో మీరు చూస్తున్న ఎరుపుకు కారణం తెలిస్తే అర్థమవుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మనందరికీ తెలుసు. సున్నం లాగే బట్టల సబ్బుపొడి, బేకింగ్ సోడా కూడా క్షారగుణం ఉన్నవే. సాంబారులోని పసుపు మీద వాటిని వేస్తే సోఫా మీదే పారాణి తయారవుతుంది. పులుపు తగిలితే ఆ ఎరుపు మళ్లీ పసుపుగా మారుతుంది. మరక పోయిందని కాదు, తీయడానికి వీలైన స్థితికి వచ్చిందని దాని అర్థం.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. చాలా ఏళ్ల క్రితం పెళ్లి వేదికలు అలంకరించే ఒకాయన క్రీమ్ రంగు వెల్వెట్ వేసిన రెండు వధూవరుల కుర్చీలు పంపారు. తలంబ్రాల బియ్యంలోని పసుపు, నెయ్యి చేతుల మీదుగా కుర్చీ చేతులకు, కూర్చునే చోటుకు పట్టాయి. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాడు నేను లేనప్పుడు సబ్బుపొడి నీళ్లతో కడిగాడు. నేను వచ్చేసరికి రెండు కుర్చీలూ కాళ్లకు పారాణి పెట్టుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి. ఒక కుర్చీని వెనిగర్ నీటితో వెనక్కి తెచ్చుకున్నాను. రెండోదానికి అప్పటికే నీరు స్పాంజిలోకి దిగిపోవడంతో పసుపు లోపలి నుంచి మళ్లీ మళ్లీ పైకి వచ్చింది. చివరకు గుడ్డ, స్పాంజి రెండూ నా ఖర్చుతో మార్చి ఇచ్చాను. అప్పటి నుంచి మా పనిచోటులో పసుపు మరక ఉన్న దేన్నీ సబ్బుతో ముట్టుకోనివ్వను.

మిగిలిన పసుపు రంగుకు మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. పసుపులోని రంగు నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. తెల్లగుడ్డ మూలను దానితో కొద్దిగా తడిపి, మరక అంచు నుంచి నడిమికి అద్దుకుంటూ రండి. నడిమి నుంచి అంచుకు వెళితే మరక పెద్దదవుతుంది. గుడ్డకు పసుపు అంటిన ప్రతిసారీ శుభ్రమైన మూలకు మారండి. ఈ పని చేసేటప్పుడు కిటికీలు తెరవండి. గదిలో దీపం, అగరుబత్తి, పొయ్యి ఏదీ వెలుగుతూ ఉండకూడదు. చేతులకు పూసుకునే శానిటైజర్ జెల్ వాడవద్దు, అందులోని జిగురు నూగుకు పట్టుకుంటుంది. గోళ్ల రంగు తీసే ద్రవం అసలే వద్దు. అందులో ఉండే అసిటోన్ కొన్ని రకాల పోగులను కరిగించేస్తుంది. ఇంత చేశాక కూడా లేత పసుపు ఛాయ మిగిలితే, ఆ కుషన్‌ను కొన్నాళ్లు వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర ఉంచండి. పసుపు వెలుతురుకు తనంతట తానే వెలుస్తుంది. ఎర్రటి ఎండలో మాత్రం పెట్టకండి, పసుపుతో పాటు సోఫా రంగు కూడా వెలుస్తుంది.

ఇప్పుడు నూగు. ఫ్యాను కింద గుడ్డ పూర్తిగా ఆరాక మాత్రమే ఈ పని మొదలుపెట్టాలి. చేత్తో ఒకసారి అటూ ఇటూ నిమరండి. నున్నగా, రంగు లేతగా కనిపించే వైపు నూగు వాలు. బట్టల స్టీమర్ ఉంటే గుడ్డకు జానెడు దూరంలో పట్టుకుని, ఒకే చోట ఆపకుండా కదుపుతూ కొద్దిసేపు ఆవిరి పట్టించండి. గుడ్డ తడిసేంత పట్టవద్దు. వెంటనే మెత్తని బట్టల బ్రష్‌తో ముందు వాలుకు ఎదురుగా, తరువాత వాలు వెంబడి తేలికగా దువ్వండి. ఆరనిచ్చి మళ్లీ చేయండి. రెండు మూడు విడతలలో నూగు లేస్తుంది. ఒక్క రోజులో పూర్తి చేయాలని తొందరపడవద్దు. ఇస్త్రీ పెట్టెను మాత్రం వెల్వెట్‌కు తాకించకండి. పాలియెస్టర్ వేడికి మెత్తబడి, నొక్కిన రూపంలోనే చల్లబడి అలాగే ఉండిపోతుంది. వేడి గిన్నె, వేడెక్కిన ల్యాప్‌టాప్ పెట్టిన చోట గుండ్రంగానో పలకగానో మచ్చలు పడడానికి కారణం ఇదే. అటువంటి మచ్చను ఏ ఆవిరీ లేపలేదు.

ఆరాక మరక చుట్టూ వలయం తేలితే భయపడనక్కర లేదు. తడికి, పొడికి మధ్య ఉన్న గీత అది. అలాంటప్పుడు ఆ చోటు ఒక్కటే మళ్లీ తడపకుండా, ఆ కుషన్ ముఖభాగం మొత్తాన్ని ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు వరకు పిండిన తడిగుడ్డతో సమానంగా అద్ది, ఒకేసారి ఆరనివ్వండి.

ఇతర మరకల గురించి కూడా మీరు అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే పిల్లలు ఉన్న ఇంట్లో సాంబారు ఒక్కటే ఒలకదు. పాలు, కాఫీ, టీ పడితే చల్లని నీరే వాడాలి. వేడినీరు తగిలితే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి పోగుకు అంటుకుంటాయి. పసిపిల్లల మూత్రానికీ చల్లని నీరే, ఆ తరువాత వెనిగర్ నీరు. కుంకుమ, విభూతి, హోలీ రంగులు పొడిగా పడినప్పుడు నీటి చుక్క కూడా తగలనివ్వకుండా వాక్యూమ్‌తో పీల్చేయాలి. కొవ్వొత్తి మైనం, చూయింగ్ గమ్ పడితే ప్లాస్టిక్ సంచిలో మంచుముక్కలు వేసి పైన పెట్టి, గట్టిపడ్డాక విరిచి తీయాలి.

అన్నింటికన్నా మొండిది తలనూనె. తల ఆనించే చోట, చేతులు పెట్టే చోట సోఫా నల్లబడి మెరుస్తుంటే అది మురికి కాదు, నూనె పట్టి దాని మీద దుమ్ము చేరడం. పాలియెస్టర్ నీటిని పెద్దగా పీల్చుకోదు గానీ నూనెను బాగా పట్టుకుంటుంది, కాబట్టి ఈ మరక పాతబడేకొద్దీ వదలదు. కొత్తగా ఉన్నప్పుడే మొక్కజొన్న పిండి గానీ సువాసన లేని టాల్కం పౌడర్ గానీ మందంగా చల్లి, రాత్రంతా వదిలి, పొద్దున్నే వాక్యూమ్‌తో తీసేయండి. ఇంకా మిగిలితే గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు అరలీటరు నీటిలో వేసి బాగా గిలకొట్టి, నీరు వదిలేసి నురుగు మాత్రమే స్పాంజితో తీసుకుని పైపైన అద్దండి. నురుగులో నీరు తక్కువ కాబట్టి తడి లోపలికి దిగదు. తరువాత పైన చెప్పినట్టు పిండిన తడిగుడ్డతో సబ్బును తప్పకుండా తీసేయాలి. లోపల మిగిలిన సబ్బు దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. కొందరు పట్టుచీరలకు వాడినట్టు కుంకుడు రసం వాడవచ్చా అని అడుగుతారు. ముదురు రంగుల మీద దాని నురుగు బాగానే పనిచేస్తుంది, పసుపును ఎర్రబరచదు కూడా. మీ సోఫా వంటి లేత రంగుల మీద మాత్రం దాని గోధుమ ఛాయ దిగుతుంది.

ఇంగ్లాండులో 19వ శతాబ్దంలో మగవారు తలకు రాసుకునే మకాసర్ నూనె నుంచి కుర్చీలను కాపాడడానికి వీపు మీద తెల్లని అల్లిక గుడ్డలు వేసేవారు, వాటికి యాంటీమకాసర్ అన్న పేరే ఆ నూనెను బట్టి వచ్చింది. మన ఇళ్లలో అమ్మమ్మలు క్రోషియాతో అల్లి కుర్చీ వీపులకు వేసిన గుడ్డలు కూడా అదే పని చేశాయి. కొత్త సోఫాలకు అవి నప్పవని తీసేస్తున్నారు గానీ, తలకు నూనె రాసుకునే ఇంట్లో వెల్వెట్‌కు వాటిని మించిన రక్షణ నేను చూడలేదు. వారానికోసారి ఆ గుడ్డను ఉతుక్కోవడం సోఫా ఉతకడం కన్నా ఎంతో తేలిక.

సముద్ర తీరంలో ఉన్నవారికి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక చెప్పాలి. మా ఊళ్లో బీచ్‌కు దగ్గరగా ఉండే ఒక విశ్రాంత దంపతులు జులైలో సోఫాకు పూర్తి షాంపూ వాష్ చేయించారు. పై గుడ్డ సాయంత్రానికి ఆరింది, లోపలి స్పాంజి మాత్రం ఆరలేదు. పది రోజులకు ఇంట్లో ముక్కిపోయిన వాసన, ఆపైన కుషన్ అడుగున బూజు. నేను జిప్పు విప్పి చూసేసరికి స్పాంజి లోపలి దాకా నల్లటి చుక్కలు ఉన్నాయి. గాలిలో తేమ అంత ఎక్కువగా ఉన్న రోజులలో స్పాంజి దానంతట అది ఆరదు. కాబట్టి వానాకాలంలో పూర్తి తడి శుభ్రం పెట్టుకోకండి. సంక్రాంతి తరువాత నుంచి ఉగాది వరకు గాలి వానాకాలం కన్నా పొడిగా ఉంటుంది, ఆ రోజులు దీనికి అనువైనవి. వానాకాలంలో ఏదైనా ఒలికి తడిపి తీరవలసి వస్తే కుషన్‌ను గోడకు ఆనకుండా నిలువుగా నిలబెట్టి, ఫ్యాను వేసి, ఏసీ ఉంటే దాన్ని డ్రై మోడ్‌లో పెట్టి, అరచేయి గట్టిగా నొక్కినా చల్లదనం తగలనంత వరకు ఆరనివ్వండి. సోఫాను గోడకు జానెడు దూరంగా జరపడం కూడా ఆ నెలలలో మేలు చేస్తుంది.

రోజువారీ సంరక్షణ పెద్ద పనేమీ కాదు. వారానికోసారి వాలు వెంబడి వాక్యూమ్, వాక్యూమ్ లేకపోతే మెత్తని బ్రష్. దుమ్ము కంటికి కనబడకపోయినా నూగు మొదట్లో చేరి, కూర్చున్న ప్రతిసారీ పోగును కోస్తుంది. కుషన్లు విడిగా వచ్చేవైతే పదిహేను రోజులకోసారి చోటు మార్చండి, తిప్పి వేయండి. అందరూ ఒకే మూల కూర్చోవడం వల్ల అక్కడి నూగు మిగిలినదాని కన్నా ముందే అరుగుతుంది. పడమటి కిటికీ ఎండ నేరుగా పడకుండా తెర వేయండి. పెంపుడు జంతువుల వెంట్రుకలకు రబ్బరు చేతి తొడుగు కొద్దిగా తడిపి ఒకే దిశలో నిమిరితే ఉండలుగా వచ్చేస్తాయి.

పైన చెప్పినవన్నీ రెండు విడతలు చేశాక కూడా మీ సోఫా మీద ఆ చోటు వేరుగానే కనిపిస్తే, వేలితో నూగును విడదీసి దాని మొదలు చూడండి. పోగులు ఉండి పడుకుని ఉంటే ఇంకో రెండు విడతల ఆవిరి పట్టించవచ్చు. వెనక నేత బోసిగా కనబడుతుంటే రుద్దినప్పుడే నూగు ఊడిపోయిందని అర్థం, ఇక దాన్ని ఏ శుభ్రమూ తేలేదు. అప్పుడు కూడా సోఫా మొత్తానికి గుడ్డ మార్చమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. గోడ వైపు ఉండే వెనక భాగం గుడ్డను విప్పి, దానితో ఆ ఒక్క కుషన్ ముఖాన్ని మార్చి, వెనకకు దగ్గరి రంగు గుడ్డ వేయవచ్చు. రెండేళ్లు ఒకే గదిలో ఉన్న గుడ్డ కాబట్టి కొత్త తాను కన్నా అదే బాగా కలుస్తుంది. పనివారికి అప్పగించేటప్పుడు ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి: కొత్త ముక్క నూగు వాలు పక్క కుషన్ల వాలు వైపే ఉండాలి. అది తిరగబడితే ఒకే తానులోని గుడ్డ అయినా రెండు రంగులలా కనిపిస్తుంది.